తొలకరి లోపు చేయాల్సిన పని: మన వీధి మురికి చెరువులోకి పోకుండా ఆపడం ఎలా

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే మీ దగ్గర్లోని చెరువు కట్ట మీదికి వెళ్లి చూడండి. హైదరాబాద్‌లో చాలా చెరువుల దగ్గర అప్పుడు కనిపించేది ఒకటే. నల్లబడ్డ నీరు, కాలువ కలిసే చోట నురగ, ఒడ్డంతా కవర్లు, థర్మోకోల్ ముక్కలు, కొన్నిసార్లు పొట్టలు పైకి తిరిగి తేలే చేపలు. "ఎవరో ఫ్యాక్టరీ వాళ్లు వదిలి ఉంటారు" అని వాకింగ్‌కి వచ్చినవాళ్లు అనుకుంటారు. పారిశ్రామిక వాడల పక్కనున్న చెరువుల విషయంలో అది నిజం కావచ్చు. మా కాలనీ దిగువన ఉన్న చెరువుకు మాత్రం ఎగువన ఒక్క ఫ్యాక్టరీ కూడా లేదు. ఉన్నవి ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, రెండు టిఫిన్ సెంటర్లు, ఒక మెకానిక్ షెడ్డు, కడుతున్న బిల్డింగులు. అంటే ఆ నీటిని పాడు చేసింది మేమే. అది అర్థమైన తర్వాత మా అసోసియేషన్ తరఫున మేం చేసుకుంటూ వచ్చిన పనులను వరుసగా చెబుతాను. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. కాకపోతే రోహిణి కార్తె ముగిసేలోపు, అంటే జూన్ మొదటి వారంలోపు అయిపోవాలి. వాన మొదలయ్యాక చేసేది తక్కువ.

పనిలోకి దిగే ముందు ఒక్క విషయం ఇంట్లో అందరికీ తెలియాలి. మన వీధి కింద రెండు రకాల లైన్లు ఉంటాయి. బాత్రూమ్, వంటింటి నీళ్లు పోయేది డ్రైనేజీ లైన్. అది శుద్ధి కేంద్రానికి చేరాలి. అంబర్‌పేటలో ఉన్న కేంద్రం ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే సామర్థ్యంతో కట్టారు. రెండోది రోడ్డు పక్క వాన నీటి కాలువ. దానికి ఎక్కడా ఏ శుద్ధీ లేదు. అందులో పడింది పడినట్టే నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి, చెరువు అలుగు దాటితే మూసీలోకి పోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మీ గేటు ముందు కాలువలో వేసిన గుట్కా ప్యాకెట్టు దారి కూడా అదే.

"కాలువ చివర శుద్ధి చేస్తే సరిపోదా?" అని మా కాలనీ మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. హుస్సేన్‌సాగర్‌ను చూడండి. దానిలోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అనే నాలుగు నాలాలు వస్తాయి. కూకట్‌పల్లి నాలాలో మామూలు రోజుల్లో పారే మురుగును సాగర్‌లో కలవకుండా పక్కకు మళ్లించే ఏర్పాటు చేశారు. ఎండ కాసిన రోజుల్లో అది పనికొస్తుంది. పెద్ద వాన కురిసిన రోజు నాలాలో వచ్చే ప్రవాహం ఆ మళ్లింపు లైన్ పట్టగలిగినదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అప్పుడు మురుగూ వాన నీరూ కలిసి పొంగి సాగర్‌లోకే పోతాయి. చివర్లో పెట్టిన కాపలా, అసలు అవసరమైన రోజునే చేతులెత్తేస్తుంది. అందుకే పని మొదట్లో, మన వీధిలో మొదలు కావాలి.

మొదటి వాన మీదే ఇంత టెన్షన్ ఎందుకంటే, నవంబరు నుంచి మే దాకా వీధి మీద పేరుకున్నదంతా ఆ ఒక్క వాన ఎత్తుకుపోతుంది. బ్రేకుల పొడి, టైర్ల అరుగుదల, కారిన ఆయిలు, సిమెంటు దుమ్ము, కుక్కల పెంట, పాన్ ఉమ్ములు, ఎండుటాకులు. లెక్క వేసి చూడండి: ఎకరం రోడ్డు మీద 1 సెంటీమీటరు వాన పడితే వచ్చే నీరు దాదాపు 40,000 లీటర్లు. అంటే ఎనిమిది వాటర్ ట్యాంకర్లు. వేసవిలో ఎండి అడుగంటిన చెరువులోకి ఒక్క గంటలో ఆ ట్యాంకర్లన్నీ మురికితో వచ్చి పడితే, ఆ కుళ్లును అరిగించడానికి నీటిలోని ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణం. దానికంటే పడిపోయినప్పుడు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. తెల్లవారేసరికి తేలిపోతాయి.

మొదటి పని: మీ నీరు ఎటు పోతోందో నడిచి చూడండి

ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక నోటుబుక్కు, సుద్దముక్క పట్టుకుని బయల్దేరండి. నీరు పల్లమెరుగు అన్నారు కదా, మీరూ పల్లం వైపే నడవండి. రోడ్డు పక్కన జాలీ మూతలున్న గుంతలు కనిపిస్తాయి. ఇంజినీర్లు వాటిని క్యాచ్‌పిట్‌లు అంటారు. ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి పుస్తకంలో గీసుకోండి. ఏది మూసుకుపోయింది, దేని మీద తారు పోసేశారు, దేని జాలీ విరిగింది అన్నీ రాయండి. అక్కడి నుంచి నాలా ఎక్కడ కలుస్తుంది, నాలా ఏ చెరువులో పడుతుంది అన్నదాకా నడవాలి. ఫోన్‌లో మ్యాప్ చూస్తే సగం తెలుస్తుంది. మిగతా సగం ఆ ఊరి పాతవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. మా దగ్గర ఒక పాల వ్యాపారి చెప్పేదాకా, ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉన్న చోట ఒకప్పుడు పై చెరువు మత్తడి (అలుగు) నీళ్లు పారే వాగు ఉండేదని మాకెవరికీ తెలియదు.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే మత్తడి దూకి కిందిదానిలోకి వస్తుంది. కాబట్టి మీ వీధి మురికి మీ చెరువు దగ్గరే ఆగదు. మ్యాప్ గీసేటప్పుడు దిగువ చెరువు పేరు కూడా రాయండి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతదాకా వస్తుందో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకుమించి ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకంటే వెడల్పైనదానికి 9 మీటర్లు. ఆ ఖాళీ జాగాలో గడ్డి, చెట్లు ఉంటే వచ్చే నీటిలోని మట్టి, చెత్త అక్కడే చాలావరకు ఆగుతాయి. అందుకే ఆ మీటర్ల గురించి పట్టుబట్టాలి. చెరువుల ఆక్రమణల మీద ఫిర్యాదు చేయడానికి 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఉంది.

రెండో పని: ఎండ రోజున కాలువలో పారే నీటిని పట్టుకోండి

ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే ముఖ్యమైనది అనుకునేది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. వాన నీటి కాలువలోకి వాన తప్ప ఇంకేమీ రాకూడదు. అలాంటప్పుడు మూడు రోజులుగా చినుకు పడకపోయినా కాలువలో నీరు పారుతోందంటే, అది ఎవరి ఇంటి నుంచో, దుకాణం నుంచో వస్తున్నట్టే. దీన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. కళ్లు, ముక్కు చాలు.

బూడిద రంగులో సబ్బు నురగతో వస్తుంటే వాషింగ్ మెషీన్ నీళ్లో, బట్టలుతికే చోటి నీళ్లో. నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తుంటే డ్రైనేజీ లైన్ పగిలిందన్నా, సెప్టిక్ ట్యాంకు పైపు కాలువలోకి వదిలారన్నా అర్థం. పాల రంగులో ఉంటే సిమెంటు కడిగిన నీళ్లు, పెయింటు నీళ్లు. పైన ఇంద్రధనుస్సులా మెరిసే పొర ఉంటే ఆయిలు. రంగూ వాసనా లేకుండా తేటగా పారుతుంటే ఎవరి సంపో నిండి పొర్లుతోంది, లేదా తాగునీటి పైపు లీకవుతోంది. ఈ చివరిది కూడా రాసుకోండి, అది మన కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లే.

నీరు కనిపించిన చోటి నుంచి ఎగువకు ఒక్కో క్యాచ్‌పిట్ చూసుకుంటూ వెళ్లండి. ఒక గుంతలో పారుతూ, దాని పై గుంతలో పారడం లేదంటే, ఆ రెండిటి మధ్యే ఎక్కడో కలుస్తోంది. ఆ ముక్కలో ఉన్న ఇళ్లవాళ్లతో మాట్లాడి, వాళ్ల ఒప్పుకోలుతో మిఠాయి రంగు కలిపిన బకెట్టు నీళ్లు బాత్రూమ్‌లో పోయించండి. ఒకరు కాలువ దగ్గర నిలబడి చూడాలి. పావుగంటలో రంగు కనిపిస్తే జవాబు దొరికినట్టే. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: మ్యాన్‌హోల్ మూత ఎత్తవద్దు, లోపలికి వంగి చూడవద్దు, డబ్బులిచ్చి ఎవరినీ అందులోకి దించవద్దు. లోపలి విషవాయువు క్షణాల్లో మనిషిని పడేస్తుంది. మనుషులను అలా దించడాన్ని 2013 చట్టం నేరంగా చూస్తుంది.

దొరికాక ఎలా మాట్లాడతామన్నది చాలా ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి పేరు చెప్పి పరువు తీస్తే ఆ ఇంటివాళ్లు ఇక తలుపు తీయరు. ఎక్కువమందికి తమ పైపు ఎక్కడ కలిసిందో తెలియనే తెలియదు. కట్టినప్పుడు మేస్త్రీ దగ్గర్లో ఏ కాలువ ఉంటే దానిలో కలిపేసి పోయాడు. మా వీధిలో సబ్బు నీళ్ల జాడ పట్టుకుని వెళ్తే అది ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కన వాచ్‌మన్ కుటుంబం బట్టలుతుక్కునే బండ దగ్గర తేలింది. కమిటీలో ఒకరు ఆ ఇంటావిడను కోప్పడబోతే, మా సెక్రటరీ గారి భార్య అడ్డుపడి, "అమ్మా, నువ్వు చేసిన తప్పేం లేదు, నీకు వేరే చోటు మేం చూపించలేదు" అన్నారు. ఆ బండ దగ్గర ఒక చిన్న జాలీ పెట్టి, పన్నెండు అడుగుల పైపుతో డ్రైనేజీ లైన్‌కు కలిపితే అయిపోయింది. ఒక పూట పని. ఆ రోజు నుంచి ప్రతి ఇంటి దగ్గరా మా మొదటి మాట ఇదే: "ఈ నీళ్లు పోవడానికి మీకు సరైన దారి ఉందా?"

డ్రైనేజీ లైన్ పగిలినా, పొంగినా జలమండలికి 155313 నంబరులో ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు నోటుబుక్కులో రాసుకోండి. మురుగు జలమండలిది, వాన నీటి కాలువ మున్సిపల్ కార్పొరేషన్‌ది. ఈ తేడా తెలియక ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగి అలిసిపోయి చాలామంది వదిలేస్తారు. మురుగు వచ్చి వాన కాలువలో కలుస్తుంటే ఇద్దరికీ ఒకే రోజు, ఒకే ఫోటోతో రాయండి. ఇద్దరు ఇంజినీర్లనూ ఒకేసారి ఆ చోటికి పిలవగలిగితే సగం పని అయినట్టే.

దుకాణాల దగ్గర ఒక్కోదానికి ఒక్కో దారి. టిఫిన్ సెంటరు వాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లు రోడ్డు మీదికి వదిలితే నూనె గడ్డకట్టి కాలువ గోడలకు అంటుకుంటుంది. సింకు కింద నూనె ఆపే డబ్బా పెట్టించండి. వాడేసిన వంటనూనెను బయోడీజిల్ కోసం కొనేవాళ్లున్నారు. 2018లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇందుకోసం దేశమంతటా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. డబ్బులొస్తాయంటే ఎవరూ కాలువలో పొయ్యరు. మెకానిక్ షెడ్డుకు ఒక పెద్ద ట్రే, మూత ఉన్న డ్రమ్ము, కారిన ఆయిలు మీద చల్లడానికి ఒక తొట్టి రంపపు పొట్టు ఇప్పిస్తే చాలు. ఆ పొట్టును నీళ్లతో కడగకుండా ఊడ్చి చెత్తలోకి ఎత్తాలని చెప్పండి. మాంసం దుకాణాల వ్యర్థాలు కాలువలో పడుతుంటే మాత్రం మెత్తగా ఉండొద్దు. కార్పొరేషన్ శానిటరీ విభాగానికి వెంటనే చెప్పండి, అది చెరువును ఒక్క రోజులో కుళ్లబెడుతుంది.

పారిశ్రామిక వాడల దగ్గర ఉండేవాళ్లకు ఒక మాట. వాన పడే రాత్రులు చూసుకుని ట్యాంకర్లతో రసాయనాలు నాలాలో పోసే దుర్మార్గం మన నగర శివార్లలో ఉంది. ఘాటు వాసన, వింత రంగు కనిపిస్తే దగ్గరికి పోకండి, ముట్టుకోకండి. సమయం, చోటు, వీలైతే బండి నంబరు రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికీ, పోలీసులకూ చెప్పండి. 1974 నీటి కాలుష్య చట్టం దాన్ని నిషేధించింది.

మూడో పని: ఊడ్చిన దుమ్ము ఎక్కడికి పోతోంది?

మీ వీధి ఊడ్చేవాళ్లను ఒక్క రోజు గమనించండి. పోగైన దుమ్మును చాలాసార్లు క్యాచ్‌పిట్ జాలీలోకి నెట్టేస్తారు. తప్పు వాళ్లది అనుకోకండి. ఎత్తడానికి గోనెసంచి ఉండదు, వేయడానికి బండి ఆ టైముకు రాదు. మా అసోసియేషన్ నెలకు నలభై గోనెసంచులు, రెండు పారలు ఇస్తుంది. ఆ అక్కలతో కూర్చుని టీ తాగుతూ, "ఈ జాలీలో పడింది చెరువులోకి పోతుందక్కా" అని చెబితే, "ఇన్నేళ్లూ డ్రైనేజీలోకి పోతదనుకున్నం సారూ" అన్నారు. మాకూ ముందు తెలియదు కదా. మే చివరి వారంలో వీధులన్నీ ఒకసారి గట్టిగా ఊడిపించండి. రోడ్డు మధ్యలో కంటే అంచుల్లో, ఫుట్‌పాత్ రాయి పక్కన ఆ నల్లటి పొడి ఎక్కువ ఉంటుంది. అసలు మురికి అదే.

వానలకు ముందు కార్పొరేషన్ నాలాల్లో పూడిక తీయిస్తుంది. ఇక్కడ ఒక చేదు అనుభవం చెప్పాలి. ఒక ఏడాది మా పక్క నాలాలో పూడిక తీసిన కాంట్రాక్టరు ఆ నల్లమట్టిని గట్టు మీదే కుప్పలు పోసి వెళ్లాడు. ఎత్తమని పది రోజులు అడిగాం. పదకొండో రోజు వాన పడింది, కుప్పలన్నీ తిరిగి నాలాలోకే జారిపోయాయి. బిల్లు మాత్రం పాసైంది. అప్పటి నుంచి పూడిక తీసే రోజునే ఫోటోలు తీస్తున్నాం, రెండు రోజుల్లో ఎత్తకపోతే వార్డు ఆఫీసులో కాగితం ఇస్తున్నాం. అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఆ పని అంచనా కాపీ, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఎంత మట్టి తీశారు, ఎన్ని ట్రిప్పులు ఎక్కడికి తోలారు అన్నది అందులో ఉంటుంది. అడిగేవాళ్లున్నారని తెలిస్తే మరుసటి ఏడాది పని తీరు మారుతుంది. మా దగ్గర మారింది.

నాలుగో పని: ఇల్లు కట్టేవాళ్లతో మాట్లాడటం

రోడ్డు మీద పోసిన ఇసుక కుప్ప ఒక్క జడివానకు సగమవుతుంది. ఆ సగం క్యాచ్‌పిట్‌లో ఉంటుంది. ఇసుక, డస్ట్ కుప్పల మీద టార్పాలిన్ కప్పించండి, పల్లం వైపు ఇటుకలో ఇసుక బస్తాలో ఒక వరుస అడ్డం పెట్టించండి. కాంక్రీట్ తెచ్చే మిక్సర్ బండ్లను కాలువ దగ్గర కడగనివ్వకండి. సిమెంటు నీళ్లకు సున్నం నీళ్లంత ఘాటు ఉంటుంది, చేపల మొప్పలు కాలిపోతాయి. ప్లాట్‌లోనే ఒక గుంత తీసి అందులో కడిగితే, గడ్డకట్టిన ముద్దను తర్వాత ఎత్తేయొచ్చు.

సెల్లార్ తవ్వే చోట ఇంకో సమస్య. గుంతలో ఊరిన నీటిని పంపు పెట్టి రాత్రికి రాత్రి రోడ్డు మీదికి తోడేస్తారు, ఎర్రమట్టి అంతా దాంతోపాటే పోతుంది. ముందు ఒక తొట్టిలోకి తోడి, మట్టి అడుగున దిగాక పైన తేటనీరు మాత్రమే వదలమని చెప్పండి. కూల్చిన ఇంటి మట్టీ రాళ్లూ చెరువు అంచున పోయకుండా జీడిమెట్ల, ఫతుల్లగూడలలో ఉన్న నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లకు పంపాలి. బిల్డర్‌తో పని మొదలయ్యే రోజే ఇవన్నీ మాట్లాడుకోండి. స్లాబులు లేచాక ఎవరూ వినరు.

ఐదో పని: పడిన నీటిని పడిన చోటే కాసేపు ఆపండి

ఇప్పటిదాకా చెప్పింది మురికి కలవకుండా చూడటం. ఇది అసలు పరుగు తగ్గించడం. 200 గజాల స్థలంలో 1 సెంటీమీటరు వాన పడితే వచ్చే నీరు సుమారు 1,670 లీటర్లు. ఐదు అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల లోతు ఇంకుడు గుంత తీసి రాళ్లు నింపితే, రాళ్ల సందుల్లో దాదాపు అంతే నీరు పడుతుంది. అంటే ఒక మామూలు గుంత మీ ఇంటి మీద పడిన మొదటి సెంటీమీటరు వానను వీధిలోకి రాకుండా ఆపగలదు. మీ కప్పు నీళ్లు రోడ్డెక్కకపోతే రోడ్డు మురికిని మోసుకెళ్లే నీరు ఆ మేరకు తగ్గుతుంది.

తవ్వే ముందు నేలను పరీక్షించండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండడుగులకే బండ తగులుతుంది. రెండడుగుల చిన్న గుంత తీసి నాలుగు బకెట్లు పోసి చూడండి. మర్నాటికి ఇంకిపోతే సరే. రెండు రోజులైనా నిలిచి ఉంటే అక్కడ దోమలు తప్ప లాభం లేదు, చోటు మార్చండి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన దొడ్డు ఇసుక వేయండి. ఏటా మేలో పై ఇసుకను తీసి కడగాలి, లేకపోతే మూడో ఏడాదికి గుంత మూసుకుపోతుంది. పునాదికీ సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట: గుంతలోకి కప్పు మీది నీళ్లే పంపండి. రోడ్డు నీటిని నేరుగా బోరుబావిలోకి వదిలే ఏర్పాట్లు కొన్నిచోట్ల చూశాను. అది చెరువును కాపాడబోయి భూగర్భజలాన్ని పాడుచేసుకోవడం, దయచేసి ఎవరూ చేయకండి.

రోడ్డు నీటికి సరైన చోటు మొక్కలున్న పల్లం. మన దగ్గర డివైడర్లు, పార్కులు రోడ్డు కంటే అడుగున్నర ఎత్తులో కడతారు. నీరు వాటి పక్క నుంచే పారిపోతుంది, మర్నాడు ఆ మొక్కలకే ట్యాంకరుతో నీళ్లు పోస్తారు. నాకు ఇది చూసినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది. పార్కు అంచున ఉన్న గోడ రాయిలో రెండు చోట్ల గండి పెట్టి, లోపల ఒకటి ఒకటిన్నర అడుగు లోతు పల్లం చేసి, మెట్టతామర, వట్టివేరు, గరిక నాటండి. నీరు లోపలికి దిగే చోట గులకరాళ్లు పరిచిన చిన్న గుంత ఉంటే మట్టి, చెత్త అక్కడే ఆగుతాయి, పారతో ఎత్తేయొచ్చు. వేళ్ల మధ్య నుంచి దిగే నీటిలో మడ్డి, ఆయిలు జిడ్డు చాలావరకు మట్టి పట్టుకుంటుంది. మొక్కల శక్తిని చెరువులోనే వాడుకున్న ఉదాహరణ కూడా ఉంది: 2018లో నెక్నాంపూర్ చెరువులో తేలే మొక్కల తెప్పను వదిలారు. వేళ్లు నీటిలో వేలాడుతూ గుర్రపు డెక్కకు బలమిచ్చే నైట్రేట్లను లాగేస్తాయి. అయితే పై నుంచి వచ్చే మురికి ఆగకుండా తెప్ప ఒక్కటే చెరువును బాగు చేయలేదు.

నగరాన్ని ఏమని అడగాలి

మనం ఎంత చేసినా కొన్ని పనులు నగరపాలకులే చేయాలి. అమెరికాలో 1987లో నీటి చట్టాన్ని సవరించి, వాన కాలువలోంచి నదిలోకి పోయే నీటికి నగరమే పర్మిట్ తీసుకోవాలన్నారు. ముందు పెద్ద నగరాలకు, తర్వాత 1999 నిబంధనతో చిన్న పట్టణాలకూ అది వచ్చింది. ఆ పట్టణాలకు ఆరు పనులు తప్పనిసరి చేశారు: జనానికి చెప్పడం, జనాన్ని కలుపుకోవడం, దొంగ కనెక్షన్లు వెతికి తీయడం, కట్టుబడి చోట మట్టి ఆపడం, కట్టాక కూడా వాన నీటిని ఆపే ఏర్పాటు ఉంచడం, మున్సిపాలిటీ తన సొంత బండ్లూ డిపోలూ శుభ్రంగా పెట్టుకోవడం. అక్కడున్న మన పిల్లల్ని అడగండి, కాలువ మూతల మీద చేప బొమ్మ వేసి "ఇది వాగులోకి పోతుంది" అని రాసి ఉండటం వాళ్లు చూసే ఉంటారు. మేం ఆ ఆలోచననే తీసుకుని మా క్యాచ్‌పిట్‌ల పక్కన పిల్లలతో చేపను, చెరువు పేరును పెయింట్ చేయించాం. ఒక డబ్బా పెయింటు, ఒక అట్టముక్క అచ్చు, ఒక సెలవు రోజు చాలు.

వార్డు ఆఫీసులో, అధికారులు ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో అడగాల్సినవి ముఖ్యంగా మూడు. నాలా చెరువులో కలిసే చోట చెత్త ఆపే జాలీ, దాన్ని ప్రతి వాన తర్వాత ఖాళీ చేసే మనిషి. పూడిక మట్టిని తీసిన వెంటనే తోలడం. కొత్త రోడ్డు వేసినప్పుడు క్యాచ్‌పిట్‌లు మూసేయకుండా, డివైడర్‌ను పల్లంగా కట్టడం. మీ నోటుబుక్కులోని మ్యాప్, ఫోటోలు జత చేయండి. నోటిమాటగా అడిగినదానికీ, నంబర్లతో అడిగినదానికీ వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

విశాఖలో ఉండేవాళ్లు నాలా అన్న చోట గెడ్డ అని చదువుకోండి, మీ గెడ్డలు నేరుగా సముద్రంలోకే పోతాయి. విజయవాడ వాళ్లకు బుడమేరు ఉంది, అది చేరేది కొల్లేరుకు. నేల, పేర్లు మారతాయి, చేసే పని ఇదే.

చివరి పని: వాన పడ్డ మర్నాడు

మొదటి గట్టి వాన పడిన మర్నాడు నాలా చెరువులో కలిసే చోటికి వెళ్లండి. వాన పడేటప్పుడు వెళ్లకండి, ప్రవాహం దగ్గర నిలబడకండి. తాడుకు కట్టిన బకెట్టుతో నీళ్లు తోడి, తేటగా ఉన్న గాజు సీసాలో నింపి, మూత పెట్టి, తేదీ రాసిన చీటీ అంటించండి. తెల్లటి స్టీలు పళ్లెం అడుగున బరువు, పైన తాడు కట్టి చెరువు నీటిలోకి దించి, ఎన్ని అంగుళాల లోతులో కనపడకుండా పోయిందో రాసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

మా అసోసియేషన్ ఆఫీసు అల్మారాలో ఇప్పుడు అలాంటి సీసాలు మూడు వరుసగా ఉన్నాయి. మొదటిది చూస్తే డికాక్షన్ అనుకుంటారు. రెండోది కొంచెం నయం. మూడోదానిలో అడుగున వేలెడు మట్టి దిగింది కానీ, పైన నీటిలోంచి వెనకున్న క్యాలెండర్ అంకెలు కనిపిస్తున్నాయి. నాలుగో సీసాను కడిగి పెట్టాం.